జంట చీటీ

"ఏమీ లేదు," అంది మైక్రోస్కోపు అక్క.

"ఇంకోసారి చెప్పండక్కా."

"ఏమీ లేదమ్మా. నా మాట మీద నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో."

నమ్మకం ఉంది. అయినా చూశాను. ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి చూశాను. గుండ్రటి వెలుగులో నాలుగైదు పలచటి కణాలు, ఆరేసిన దుప్పట్లలా, కదలకుండా పడి ఉన్నాయి. మూడు నెలల కిందట ఇదే వెలుగులో తోకలు విదిలించుకుంటూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరిగిన బుల్లి జీవులు ఒక్కటీ లేవు. సెలవులిచ్చాక బడి మైదానంలా ఉంది.

బయట వరండాలో మా ఆయన గొడుగు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మళ్ళీ తెరుస్తున్నాడు.

"ఏమైంది?"

"ఏమీ లేదు!"

"అదేంటి, చూడలేదా?"

"చూశారయ్యా బాబూ. చూస్తేనే ఏమీ లేదు!"

అర్థమవడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత గొడుగు ఇద్దరి మీదా పట్టి, నా భుజం చుట్టూ చెయ్యేసి వీధిలోకి నడిపించాడు. ఎదురొచ్చిన వాళ్ళందరూ మమ్మల్ని వింతగా చూస్తున్నారు. వీధి మలుపు తిరిగాక గానీ తెలియలేదు, వాన వెలిసి గంటయిందని. అయినా గొడుగు మూయలేదు. మూస్తే చెయ్యి తీసేయాలి కదా.

"ఏమీ లేదు" అన్న ఆ రెండు మాటలూ మా ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పారు. ఇరవై రెండేళ్ళ కిందట. అప్పుడు అవి శుభవార్త కాదు. ఆ సంగతి నాకు ఈ వానాకాలంలోనే తెలిసింది.

మేముండేది లాండ్రీ వెనక క్వార్టర్లలో. నగరంలోని హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ అన్నీ మా దగ్గరికే వస్తాయి. మామయ్య బాయిలరు చూస్తారు. అత్తయ్య ఇస్త్రీ గదికి పెద్ద. మా ఆయన మూటలు తెచ్చే వ్యాను నడుపుతాడు. పెళ్ళయిన పదో రోజు నుంచి నాకు ట్యాగుల బల్ల ఇచ్చారు. వచ్చిన ప్రతి మూటకీ గుడ్డముక్క మీద చెరగని సిరాతో అంకె వేసి కుట్టాలి. దిండు గలీబులైతే "జంట" అని రాయాలి. ఒక గలీబు ఉతికి రెండోది వదిలేస్తే తెలుపులో తేడా వచ్చి హోటలు వాళ్ళు వెనక్కి పంపిస్తారు. అందుకే "జంట విడదీశారో, మీ పని చెప్తా!" అని అత్తయ్య రోజుకు పదిసార్లు కేకేసేది. ఆ కేక వినబడ్డప్పుడల్లా మా ఆయన మూట దించుతూ నాకేసి కనుబొమలెగరేసేవాడు. నేను అంకె తప్పు రాసేదాన్ని.

పెళ్ళయి అప్పటికి రెండు నెలలు. మాకు దేనికైనా నవ్వొచ్చేది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు నిలబడి ఉంటే నవ్వు. అతని చొక్కా గుండీ నేను కుట్టి, గుండీతో పాటు చొక్కా వీపుభాగం కూడా కలిపి కుట్టేస్తే, మూడు రోజులు నవ్వు.

అలాంటి రోజుల్లో వాన మొదలైన వారానికి నాకు దురద మొదలైంది. తడిగాలికేమో అనుకున్నాను. సబ్బు మార్చాను. లాండ్రీ పొడి పడలేదేమో అనుకుని ఇంట్లో బట్టలు విడిగా ఉతుక్కున్నాను. తర్వాత వాసన వచ్చింది, పచ్చగా నురుగులాంటి స్రావం వచ్చింది. రాత్రిళ్ళు అతను దగ్గరికొస్తే తలనొప్పి అని చెప్పడం మొదలుపెట్టాను. మూడో తలనొప్పికి అతను మాత్ర తెచ్చిచ్చి నుదురు నొక్కుతూ కూర్చున్నాడు. అబద్ధం చెప్పి సేవ చేయించుకుంటున్నందుకు నాకు నిజంగానే తలనొప్పి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం టీ విరామంలో వీధి చివరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను.

ఆ కేంద్రం గురించి క్వార్టర్లలో పెద్ద మంచి పేరేం లేదు. ఏ ఆడమనిషి ఏ బాధ చెప్పుకున్నా ఒకటే రకం క్రీము ట్యూబు చేతిలో పెట్టి పంపేవాళ్ళట. అయితే ఆ ఎండాకాలంలోనే ఒకావిడ కొత్తగా వచ్చింది. ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని బస్సు దిగిందనీ, ఆ పెట్టెలో మైక్రోస్కోపు ఉందనీ, దాన్ని రిక్షావాడి చేతికి కూడా ఇవ్వలేదనీ చెప్పుకున్నారు. అప్పటి నుంచి ఆవిడ అందరికీ మైక్రోస్కోపు అక్క.

అక్క నన్ను పరీక్ష చేసి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, పరుగులాంటి నడకతో బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అంత తొందరేంటక్కా?"

"ఇది వేడి మీదే చూడాలి. ఆలస్యమైతే ఇవి కదలడం మానేస్తాయి. కదలకపోతే మామూలు కణాల్లో కలిసిపోతాయి, ఎవరి కంటికీ ఆనవు." గొట్టంలోకి చూస్తూనే నన్ను చేత్తో పిలిచింది. "చదువుకున్నదానివంటగా. రా, చూడు."

చూశాను. పియరుపండు ఆకారం, ఒక కొసన తోకలు, కుదురు లేని ఈత. ఎంత ముద్దుగా ఉన్నాయో! నాది డిగ్రీలో జంతుశాస్త్రం. ఇదే బొమ్మ రికార్డు పుస్తకంలో వేసి, రంగులద్ది, పదికి పది తెచ్చుకున్నాను. అది నా ఒంట్లోకొచ్చి కూర్చుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

"ట్రైకోమోనాస్," అన్నాను, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

"అదే. భయపడకు. వారం రోజుల మాత్రలకి పోతుంది. కానీ మీ ఆయన కూడా వేసుకోవాలి, నీతోపాటే. మగవాళ్ళకి చాలాసార్లు ఏ బాధా ఉండదు, లోపల మాత్రం ఉంటుంది. నీకొక్కదానికే వైద్యం చేస్తే మళ్ళీ అతని నుంచి నీకొస్తుంది. ఇద్దరి మాత్రలూ అయిపోయి ఇంకో వారం గడిచేదాకా దూరంగా ఉండండి."

అప్పుడు నా సరదా ఎగిరిపోయింది. ఇది ఎలా వస్తుందో రికార్డు పుస్తకంలో ఆ బొమ్మ కిందే రాశాను. నా చేతిరాతే గుర్తొచ్చింది.

"అక్కా, ఇది... ఎవరి నుంచి ఎవరికి?"

"దానికి పుట్టినరోజు రాసి ఉండదమ్మా. ఒకరి ఒంట్లో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. పెళ్ళికి ముందుదో, తర్వాతదో, నీదో, అతనిదో ఏ పరీక్షా చెప్పలేదు. ఈ సంగతి అతనికి చెప్పేటప్పుడు ముందు ఈ మాట చెప్పు. తర్వాత జబ్బు పేరు చెప్పు."

"దీని గురించి ఎక్కడా వినలేదే?"

"కొన్ని జబ్బులకి గోడల మీద పోస్టర్లుంటాయి. దీనికి లేదు. చంపదు కదా, అందుకని." అక్క చీటీ తీసింది. "వంతెన అవతల కాలనీలో అయితే సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది. ఇక్కడివాళ్ళ చుక్కలు సీసాలో పెట్టి ఆ వంతెన దాటించేవాళ్ళు. వెళ్ళేసరికి పూటయ్యేది. అన్నీ చచ్చిపోయేవి. ఏమీ లేదు అని రాసి పంపేవాళ్ళు. పాత రిజిస్టరు చూశాను. మీ క్వార్టర్ల ఆడవాళ్ళు ఒక్కొక్కరూ మూడేసి, నాలుగేసి సార్లు వచ్చారు. అందరికీ ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు."

చీటీ మీద పేరు రాయలేదు. "పేరుంటే ఎవరి కంటైనా పడుతుంది. మీ లాండ్రీ ట్యాగు మాటే వాడుతున్నా," అంటూ రాసిచ్చింది:

*జంట – 17. పన్నెండు వారాలకి మళ్ళీ చూపించుకోవాలి.*

కింద కేంద్రం ముద్ర.

ఆ సాయంత్రం మూటలు తేవడానికి అతనితోపాటు వ్యానులో వెళ్ళాను. హోటలు వెనక గేటు తీయడానికి కాపలావాడు రాలేదు. వాన అద్దం మీద బాదుతోంది. అక్క చెప్పినట్టే ముందు ఆ మాట చెప్పాను, తర్వాత జబ్బు పేరు చెప్పాను. చెప్పి, ఒళ్ళోని గుడ్డసంచి కుట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. తలుపు తీసి దిగిపోతాడేమో అనుకున్నాను. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి చెప్తాడేమో అనుకున్నాను. రెండు బ్రష్షుల గ్లాసు కళ్ళముందు కనిపించింది.

"నువ్వు నన్ను అడుగుతున్నావా, నాకు చెప్తున్నావా?" అన్నాడు చివరికి.

"చెప్తున్నా."

అద్దం తుడిచే పుల్లలు ఇటూ అటూ నాలుగైదుసార్లు తిరిగాయి.

"పెళ్ళికి ముందు, వేరే ఊళ్ళో బండి నడిపినప్పుడు, ఒకమ్మాయి ఉండేది," అన్నాడు. "రెండేళ్ళయింది. నీకు చెప్పాలనే ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు."

"కాలేజీలో మా సీనియరు ఒకతను," అన్నాను నేను. "నాకూ తెలియలేదు."

గేటు తెరుచుకుంది. అతను బండి లోపలికి పోనిచ్చాడు. ఇద్దరం దిగి తడుస్తూ పన్నెండు మూటలు ఎక్కించాం. మామూలుగా పెద్ద మూటలు నన్ను ముట్టుకోనివ్వడు. ఆ రోజు అడ్డం రాలేదు. ప్రతి మూటకీ చెరో కొస పట్టుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో అడిగాడు: "ఇంతకీ దాని పేరేమన్నావు?"

"ట్రైకోమోనియాసిస్."

"మూడు చక్రాల బండిలా ఉందే."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అతను ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"రోడ్డు చూడు," అన్నాను.

"చూస్తున్నానులే పంతులమ్మా."

మాత్రలు మొదలుపెట్టాం. అతనివి ఒక్క పూటతో అయిపోయాయి. నావి వారం. ఆ వారమంతా నోట్లో ఇనపమేకు చప్పరిస్తున్నట్టుండేది. పొద్దున లేవగానే వాంతి వచ్చేట్టుండేది. అన్నం చూస్తే వెగటు. నిమ్మకాయ కోసి ఉప్పద్దుకుని నాకుతూ ట్యాగులు కుట్టేదాన్ని. మా ఆయన చాప తీసుకుని ముందుగదిలో పడుకునేవాడు. ఇవన్నీ ఇంట్లో ఎవరూ గమనించడం లేదనుకున్నాం. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్ళమో అప్పుడే తెలిసింది.

అయిదో రోజు మధ్యాహ్నం అత్తయ్య ఇస్త్రీకని నా రవికలు తీయబోతే మడతల్లో చీటీ దొరికింది. ముద్ర చూసింది. జంట అన్నది చూసింది. పన్నెండు వారాలు అన్నది చూసింది. నిమ్మకాయ, వాంతులు, ముందుగదిలో చాప, అన్నీ ఆవిడ బుర్రలో వరసగా వచ్చి నిలబడ్డాయి.

నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య స్టూలెక్కి ముందుగది కప్పుకి కన్నాలు పెడుతున్నారు. తల నిండా సున్నం.

"ఏంటి మామయ్యా ఇది?"

"కొక్కేలమ్మా. రెండు. ఒకే కొక్కేనికి రెండు ఉయ్యాలల బరువాగదు." బాయిలరు మనిషి కదా, బరువుల సంగతి ఆయనకి బాగా తెలుసు.

"ఎవరికి ఉయ్యాలలు?"

స్టూలు పట్టుకున్న మా ఆయన నాకేసి చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. లోపల్నుంచి అత్తయ్య గ్లాసెడు పాలతో వచ్చింది. జీవితంలో నాకు ఆవిడ పాలు పట్టుకురావడం అదే మొదలు.

"నా దగ్గర దాస్తారా, దొంగల్లారా! కవలలైతే మాత్రం, నేను పెంచలేననా? కూర్చో అమ్మాయ్. కాళ్ళు వేలాడదీయకు, పైకి పెట్టుకో."

"అత్తయ్యా..."

"ఇస్త్రీ గదిలో అందరికీ చెప్పేశా. ఇంక దాచి లాభం లేదు."

ఇరవై ఆరుమంది ఇస్త్రీ గదిలో. మా ఆయన స్టూలు వదిలేసి గోడకి ఆనుకున్నాడు. మామయ్య "ఒరేయ్, పట్టుకోరా!" అని కేకేశారు.

పాలు తాగేశాను. అత్త చేతి పాలు కదా, వదలబుద్ధి కాలేదు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరికేసి, మొత్తం చెప్పాను. జంట అంటే ఏమిటో, పన్నెండు వారాలు దేనికో, నాకేమయిందో, తన కొడుకు ఎందుకు మాత్ర వేసుకున్నాడో. చెబుతున్నంతసేపూ కిటికీ ఊచలు చూస్తూనే ఉన్నాను. ఈవిడ నోటికి క్వార్టర్లలో హడలిపోని మనిషి లేదు. ఇప్పుడు ఆ నోరు తెరిస్తే, మా వ్యానులో తీరిపోయిందనుకున్నది మళ్ళీ మొదలవుతుంది.

అత్తయ్య అటు తిరిగింది. పొయ్యి మీద గిన్నె దించింది. మళ్ళీ ఎక్కించింది.

"మా వాడి నుంచా?" అంది.

"తెలీదు అత్తయ్యా. తెలుసుకోవడం కుదరదట కూడా."

"ఊఁ." గరిటె కడిగింది. "దురదా?"

"ఊఁ."

"వాసన? నురుగులాగా?"

"ఊఁ. మీకెలా..."

"సీసాలో పెట్టి పంపారా, వంతెన అవతలికి?"

"లేదత్తయ్యా. అక్కడికక్కడే చూశారు. సీసాలో పంపితే దారిలోనే చచ్చిపోతాయట. ఏమీ లేదని రాసేస్తారట."

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది.

"నాకు మూడుసార్లు రాశారు," అంది మెల్లగా. "మీ ఆయనకి అప్పుడు నాలుగేళ్ళు. మూడోసారి ఆ డాక్టరు నవ్వాడు. నీకేమీ లేదమ్మా, ఊరికే ఊహించుకుంటున్నావు, పనిలో పడు, పోతుంది అన్నాడు. పనిలో పడ్డా."

ఆ తర్వాత ఆ మాటెత్తలేదు. "పాలగ్లాసు కడుగు," అని మాత్రం అంది.

మర్నాడు ఇస్త్రీ గదిలో అందరూ నాకు కుర్చీ వేశారు. ఒకావిడ దిండు కూడా పెట్టింది. అత్తయ్య ఆ దిండు తీసి పక్కన పెట్టింది.

"కవలలు కాదే," అంది, ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే. "నేనే తప్పు చదివా. అది మాత్రల చీటీ. తెల్లబట్టా దురదా ఉన్నవాళ్ళకి. ఆ మైక్రోస్కోపు పిల్ల వేడి మీదే చూస్తుందట, వంతెన దాటించదట. మొగుడికీ పెళ్ళానికీ కలిపి ఇస్తుందట. ఒక గలీబు ఉతికి ఒకటి వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిరి మాత్రం బుస్సుమంది. తర్వాత మూల బల్ల దగ్గరావిడ అడిగింది: "ఎన్నింటిదాకా ఉంటుంది ఆ పిల్ల?"

అలా మొదలైంది. టీ విరామంలో ఒకరు, సరుకులకని ఒకరు. "గలీబులివ్వడానికి వెళ్తున్నా" అంటే ఎక్కడికో అందరికీ తెలిసేది, పర్యవేక్షకుడికి తప్ప. మగవాళ్ళని తీసుకెళ్ళడం కష్టమైంది. కొందరు అరిచారు, ఇద్దరు అలిగి వెళ్ళిపోయి తిరిగొచ్చారు. అలాంటివాళ్ళకి మా ఆయన వ్యాను పక్కసీటు కేటాయించాడు. మూటలు తేవడానికి తోడు రమ్మని ఎక్కించుకుని, దారిలో ఏం చెప్పేవాడో నాకు చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం కేంద్రం ముందే దింపేవాడు. వానలు ముదిరేసరికి చీటీల అంకె యాభై మూడుకి చేరింది. నగరం ఆఫీసు నుంచి ఎవరో వచ్చి రిజిస్టరు చూసి, ఇక్కడ ఇంత ఎందుకుంది అని అడిగారట. "ఎప్పుడూ ఉంది, ఇప్పుడు చూశాం," అందట అక్క. ఇంకో రెండు పేటలకి మైక్రోస్కోపులు ఇస్తామని వెళ్ళారు.

ఇన్ని జంటల్ని పంపిన అత్తయ్య తను మాత్రం వెళ్ళలేదు. నేను రెండుసార్లు కదిపాను. "నాకెందుకిప్పుడు, ముసలిదాన్నయ్యాక," అంది ఒకసారి. రెండోసారి వినబడనట్టే ఇంకో దుప్పటి అందుకుంది. ముందుగది కప్పుకి ఆ రెండు కొక్కేలూ అలాగే ఉన్నాయి. వాటి మధ్య తాడు కట్టి వానాకాలమంతా మా బట్టలు ఆరేసుకున్నాం.

ఇవాళ గొడుగు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఆ తాడు కిందే అత్తయ్య దుప్పటి మడతపెడుతోంది. మామయ్య రెండో కొస పట్టుకుని నిలబడ్డారు.

"ఏమంది?" అంది అత్తయ్య.

"ఏమీ లేదంది."

ఆవిడ మొహం ఒక్కసారి బిగుసుకుంది. "ఎక్కడికీ పంపలేదు కదా?"

"లేదత్తయ్యా. నా కళ్ళతో చూశాను. ఒక్కటీ లేదు. నిజంగా ఏమీ లేదు."

"నిజంగా ఏమీ లేదు," అని ఆవిడ నా మాటే మళ్ళీ అంది, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. తర్వాత దుప్పటి వదిలేసి నా రెండు బుగ్గలూ పట్టుకుంది. చేతులు ఇస్త్రీ వేడితో ఉన్నాయి. మా ఆయన గొడుగు ఇంట్లో కూడా తెరిచే ఉంచాడని మామయ్య అప్పుడు చూశారు.

"ఏరా, ఇంట్లో కురుస్తోందా?"

"కొత్త జంట కదా, ఎక్కడైనా కురుస్తుంది," అంది అత్తయ్య. దుప్పటి కొస మళ్ళీ అందుకుని, మామయ్యకేసి తిరిగింది. "రేపు పొద్దున మన ఇద్దరికీ సెలవు చెప్పేశా."

"నాకెందుకే? నాకేం బాధ లేదు."

"మగవాళ్ళకి ఉండదట. ఏమీ లేదని ఆ పిల్ల చూసి చెప్తే వింటా, నువ్వు చెప్తే కాదు."

"మరి బాయిలరో?"

"ఒక పూట నువ్వు లేకపోతే పేలిపోదులే."

మామయ్య కొక్కేలకేసి చూశారు. మాకేసి చూశారు. మెడ గోక్కున్నారు. తర్వాత రెండు అడుగులు ముందుకేసి, తన చేతిలోని కొసలు ఆవిడ చేతిలోని కొసలకి కలిపారు.

"ఎన్నింటికి?" అన్నారు.

"తొమ్మిదింటికి. తలకి నూనె రాసుకో. ఒరేయ్, ఆ గొడుగు మూసి గుమ్మం దగ్గర పెట్టు. రేపు మాకు కావాలి."